తుంటి నొప్పితో రన్నింగ్: ఆపాలా, తగ్గించాలా, డాక్టరు దగ్గరికి పోవాలా?

తుంటి నొప్పి వచ్చినోళ్లకు సలహాలకు కొదవ ఉండదు. నర్సంపేట నుంచి ఫోన్‌లో అమ్మ "బంద్ పెట్టు బిడ్డా ఆ ఉరుకుడు" అంది. గ్రౌండ్‌లో రోజూ కనిపించే ఒక అన్న "నొప్పి మీద ఉరికితేనే పోతది చెల్లే" అన్నాడు. మెడికల్ షాపులో ఐదు రోజులకు మాత్రలు కట్టిచ్చారు. ఏదో వీడియోలో ఒకాయన ఈ ఒక్క స్ట్రెచ్ చాలన్నాడు. కుడి తుంటి పక్కన నొప్పి మొదలయ్యాక ఈ నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి చేశాను, దాదాపు ఐదు నెలలు పోయాయి. అదే సమయంలో హన్మకొండలో నేనుండే హాస్టల్‌లోనే, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న ఒకమ్మాయికి గజ్జలో నొప్పి వచ్చింది. ఎవరడిగినా ఇద్దరం "తుంటి నొప్పి" అనే చెప్పేవాళ్లం. కానీ తనకు అవసరమైన విశ్రాంతి నా నొప్పిని మొండిగా మార్చింది. నాకు నయం చేసిన వ్యాయామాలు తను చేసి ఉంటే ఎముక విరిగే ప్రమాదం ఉండేది.

ఎముకకు విశ్రాంతి కావాలి, టెండన్‌కు పని కావాలి. టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటిది. మీ నొప్పి ఈ రెండింట్లో దేనిదో కొంతైనా తెలియకుండా ఏది ఎంచుకున్నా చీకట్లో రాయి వేసినట్టే. అందుకే ముందు ఆ సంగతి చూద్దాం, మందులు, బూట్లు, ఫిజియో (ఫిజియోథెరపిస్టు) తర్వాత.

## ముందు ఏం చూసుకోవాలి

ఎక్కడ నొప్పి? నిలబడి, నొప్పి ఉన్న చోటును ఒక్క వేలితో చూపించండి. పక్కకు తిరిగి పడుకుంటే పరుపుకు ఒత్తుకునే గట్టి ఎముక ఉంటుంది కదా, వేలు సరిగ్గా దాని మీదకు వెళ్తే అది పక్క నొప్పి. వేలు గజ్జలోకి, అంటే తొడ కడుపును కలిసే మడతలోకి వెళ్తే అది వేరే కథ. కొంతమంది ఒక్క వేలితో చూపించలేక, బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్లు గజ్జ వైపు పెట్టి తుంటి మొత్తాన్ని గుప్పిట పట్టినట్టు చూపిస్తారు. నొప్పి లోపల కీలులో ఉన్నప్పుడు చాలామంది అలాగే పట్టుకుంటారు. ఇక పిరుదులో, కూర్చునే ఎముక దగ్గర నొప్పి మూడో రకం.

ఎలా ప్రవర్తిస్తోంది? మొదటి కిలోమీటరులో పట్టేసి, ఒళ్లు వేడెక్కాక తగ్గి, మర్నాడు పొద్దున మళ్లీ బిగుసుకుంటే అది ఎక్కువగా టెండన్ తీరు. అడుగడుగుకీ పెరుగుతూ, ఆగితే తగ్గుతూ, రోజులు గడిచేకొద్దీ ఇంకా తొందరగా మొదలైతే, మొన్న మూడో కిలోమీటరులో వచ్చింది నిన్న మొదటి దాంట్లోనే వచ్చి ఇవాళ మెట్లు దిగుతుంటేనే వస్తుంటే, ఎముకను అనుమానించాలి.

గత నెల, నెలన్నరలో ఏం మారింది? దూరం పెంచారా, స్పీడు పెంచారా, మట్టి గ్రౌండ్ వదిలి సిమెంటు మీదకు వచ్చారా, తిండి తగ్గించారా? కుంటుతున్నారా అనేది కూడా చూడండి. మీకు తెలియకపోతే వెనక నడిచేవాళ్లను అడగండి, వాళ్లకు తెలుస్తుంది.

ఈ మూడూ అయ్యాకే డబ్బు, టైము, ముందున్న తేదీ. కానిస్టేబుల్ ఈవెంట్స్ (పరుగు లాంటి శరీర పరీక్షలు) ఉన్నాయా, ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కు పేరు ఇచ్చారా, లేక ఆరోగ్యం కోసం ఉరుకుతున్నారా అనేదాన్ని బట్టి ఎంపిక మారుతుంది. కానీ ఆ తేదీ కోసం పై మూడింటినీ దాటెయ్యకూడదు.

| నొప్పి చోటు | సాధారణంగా ఏమై ఉండొచ్చు | మొదట చేయాల్సింది |
|---|---|---|
| గజ్జలో, బరువు వేస్తే పెరిగేది | తొడ ఎముక మెడలో (పైన గుండ్రని బంతి కింద సన్నబడే చోట) సన్నని పగులు, కీలు సమస్య, ఆ తుంటి బంతికి రక్తం అందకపోవడం | పరుగు ఆపి డాక్టరు దగ్గరికి |
| గజ్జలో, గొంతుకు కూర్చున్నప్పుడు పట్టేసేది | కీలులో ఎముక అంచులు ఒరుసుకోవడం | గొంతుకు కూర్చోవడం తగ్గించి ఫిజియో, అవసరమైతే డాక్టరు |
| తుంటి పక్కన ఎముక మీద | పక్క కండరాల టెండన్ | తగ్గించి, బలం పెంచడం |
| పిరుదు కింద, కూర్చునే ఎముక దగ్గర | తొడ వెనక కండరం టెండన్ | స్పీడు, గుట్టలు ఎక్కడం ఆపి బలం పెంచడం |
| నడుము నుంచి కాలిలోకి జివ్వుమనేది, తిమ్మిరి | నడుము నరం | డాక్టరు లేదా ఫిజియో, తుంటి వ్యాయామాలు తర్వాత |

ఈ పట్టిక దారి చూపించడానికే. ఒకే మనిషిలో రెండు కలిసి ఉండొచ్చు. పద్దెనిమిది నిండని పిల్లలకు మాత్రం దీన్ని వాడొద్దు. ఎదిగే ఎముకల లెక్క వేరు, తుంటిలో తేడా వచ్చినా వాళ్లు మోకాలు నొప్పి అని చెప్పడం కూడా ఉంది. వాళ్లను నేరుగా డాక్టరుకు చూపించండి.

## ఆగకుండా డాక్టరు దగ్గరికి పోవాల్సినవాళ్లు

మా హాస్టల్ అమ్మాయి సంగతి ఇక్కడ చెప్పాలి. 2022 తెలంగాణ పోలీసు నోటిఫికేషన్‌లో కానిస్టేబుల్‌కు ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలని ఉంది. అంతకుముందు ఎప్పుడూ ఉరకని మనిషి ఆ టైము కోసం పొద్దున, సాయంత్రం రెండు పూటలా మొదలుపెట్టింది. బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేసింది. నాలుగు నెలలుగా నెలసరి రాలేదు, రన్నింగ్ చేస్తే అంతేలే అనుకుంది. గజ్జలో నొప్పి వచ్చాక మూడు వారాలు స్ప్రే కొట్టుకుని పరుగెత్తింది. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు, మళ్లీ పరుగెత్తింది. చివరికి బాత్రూంకు వెళ్లడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఎంఆర్‌ఐ తీయిస్తే తొడ ఎముక మెడలో పగులు కనిపించింది. అదృష్టం కొద్దీ లోపలి, కింది వైపు. అక్కడైతే బరువు వేయకుండా ఉంచితే చాలావరకు అతుక్కుంటుంది, తను చంక కర్రలతోనే బయటపడింది. పై వైపు పగిలితే అడుగు వేసినప్పుడల్లా పగులు విచ్చుకుంటుంది, ఒక్కసారిగా విరిగిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి చాలాసార్లు ఆపరేషన్ చేసి స్క్రూలు వేస్తారు.

ఇందులో రెండు సంగతులు అందరికీ తెలియాలి. సన్నని పగులు మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవడం మామూలే, ఎక్స్‌రే బాగుందంటే ఎముక బాగుందని కాదు. ఇక, చేసే శ్రమకు తగ్గ తిండి లేకపోతే నెలసరి ఆగుతుంది, ఎముక పలచబడుతుంది. అది రన్నింగ్‌లో మామూలు అస్సలు కాదు. మూడు నెలలు రాకపోతే, తుంటి నొప్పి ఉన్నా లేకపోయినా, డాక్టరుకు చెప్పండి.

గజ్జ నొప్పితో కుంటడం, రాత్రి నిద్రలో లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కింద పడ్డాక మొదలైన నొప్పి, ఇవన్నీ ఇంటి ప్రయోగాలకు పనికిరావు. తుంటి కీలుకు టీబీ రావడం మన దగ్గర ఇంకా ఉంది. పొద్దున లేచాక అరగంటకు పైగా నడుము, పిరుదులు బిగుసుకుపోయి, తిరుగుతుంటే సర్దుకుంటే అది కీళ్లవాతం కావచ్చు, ముఖ్యంగా ఇరవైల్లో ఉన్నవాళ్లలో. కాళ్ల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం మీద పట్టు తప్పినా అదే రోజు ఆస్పత్రికి పోవాలి.

ఎక్కువ రోజులు స్టెరాయిడ్ మందులు వాడినవాళ్లు, మద్యం ఎక్కువగా తాగేవాళ్లు గజ్జ నొప్పిని ఇంకా తొందరగా చూపించుకోవాలి. తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయే జబ్బు కుర్రవాళ్లకు కూడా వస్తుంది, ఇదీ మొదట్లో ఎక్స్‌రేలో దొరకదు. పేరూ ఊరూ లేని నొప్పి పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు ఉన్నాయి, కాబట్టి "ఆయుర్వేదమే కదా" అని వాడినది కూడా డాక్టరుకు చెప్పండి. సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్నవాళ్లలో కూడా ఇది వస్తుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు కుటుంబాల్లో ఎవరికైనా ఉందని తెలిస్తే ఆ ముక్క మర్చిపోవద్దు.

ఒక్క మాట, గజ్జ నొప్పి ఉన్నవాళ్లు ఒంటికాలి మీద గెంతి పరీక్షించుకోవద్దు. వీడియోల్లో చూపిస్తారు, కానీ పగులు ఉంటే ఆ గెంతే దాన్ని విడగొట్టొచ్చు.

మిగతాదంతా ఈ గుంపులో లేనివాళ్ల కోసం.

## పూర్తిగా ఆపేయడం

సులువైనది, ఖర్చు లేనిది, ఇంట్లో అందరూ మెచ్చేది. నేను మూడు నెలలు ఆపాను. నొప్పి పోయింది కూడా. పోయిందని నమ్మకం వచ్చిన మూడో రోజు కాకతీయ యూనివర్సిటీ రోడ్ల మీద మూడు కిలోమీటర్లు పరుగెత్తాను, ఆ రాత్రే తిరిగి వచ్చింది. తర్వాత సద్దుల బతుకమ్మ. పద్మాక్షి గుట్ట దగ్గర రెండు గంటలు ఆడాం, ఒక అడుగు, వంగి చప్పట్లు, లేచి మళ్లీ అడుగు. ఆడుతున్నప్పుడు ఏమీ తెలియలేదు. మర్నాడు పొద్దున కుడి కాలు మంచం దించుతుంటే పక్క ఎముక మీద మేకు దిగినట్టుంది.

మూడు నెలలు ఆగినా ఎందుకిలా అంటే, పని లేని టెండన్ బలం తగ్గుతుంది. నొప్పి తగ్గింది బాగుపడి కాదు, దానికి ఎవరూ పని చెప్పక. మళ్లీ పాత బరువు వేయగానే మోయలేకపోతుంది. అందుకే పక్క నొప్పికి, పిరుదు కింది నొప్పికి పూర్తి విశ్రాంతి ఒక్కటే చేస్తే లాభం తక్కువ. బాగా మండుతున్నప్పుడు వారం, పది రోజులు ఆపడం మంచిదే. ఆ తర్వాత ఆపడం ఆపాలి.

ఎముక పగులుకు మాత్రం ఇదే అసలు వైద్యం. ఎన్ని వారాలు, ఎప్పుడు బరువు వేయాలి అనేది డాక్టరు చెప్పాలి.

## తగ్గించి, ఇంట్లోనే బలం పెంచుకోవడం

పక్క నొప్పి, పిరుదు నొప్పి ఉన్న ఎక్కువ మందికి నేను చెప్పేది ఇదే. ఖర్చు దాదాపు లేదు, పరుగు పూర్తిగా పోదు. కానీ ఓపిక కావాలి, ఆరు నుంచి పన్నెండు వారాలు. రెండో వారంలో ఏమీ మారలేదని చాలామంది వదిలేస్తారు, నాకు కూడా మొదటి మూడు వారాలు అలాగే అనిపించింది.

పరుగు సగానికి తగ్గించి రోజు విడిచి రోజు చేయండి. స్పీడు, గుట్టలు, మెట్లు ముందు ఆపాలి, దూరం తర్వాత. నొప్పికి సున్నా నుంచి పదికి మార్కులు వేసుకోండి. పరుగులో మూడు దాటకూడదు, మర్నాడు పొద్దునకల్లా మామూలుకు రావాలి. రాకపోతే నిన్న చేసింది ఎక్కువైందని అర్థం, తగ్గించుకోండి. నోట్‌బుక్‌లో రోజుకో లైను రాసుకుంటే నెల తర్వాత చాలా పనికొస్తుంది. జ్ఞాపకాన్ని నమ్మొద్దు, నొప్పి తగ్గిన రోజు పాత నొప్పి గుర్తుండదు.

వ్యాయామాలు వారానికి మూడు రోజులు చాలు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము లేపడం, అది తేలికైతే ఒంటికాలితో. పక్కకు పడుకుని పై కాలు నెమ్మదిగా లేపడం. ఒక మెట్టు మీద నిలబడి, ఇంకో కాలి మడమ నేలకు తాకేదాకా మెల్లగా దిగడం. ఒక్కోటి ఎనిమిది నుంచి పదిహేను సార్లు, మూడు విడతలు, లేపడానికి మూడు అంకెలు, దించడానికి మూడు అంకెలు లెక్కపెడుతూ. మొదట్లో కదిలిస్తే నొప్పి ఎక్కువైతే కదలకుండా బిగబట్టి ముప్పై, నలభై సెకన్లు ఉంచండి.

రోజులో మిగతా ఇరవై మూడు గంటల్లో మీరేం చేస్తున్నారనేది కూడా చికిత్సే. పక్క నొప్పి ఉన్నప్పుడు కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే టెండన్ ఎముకకేసి నలుగుతుంది. బస్టాండులో, వంటింట్లో ఒక కాలి మీద బరువు వేసి తుంటి పక్కకు వాల్చి నిలబడటం కూడా అంతే. నొప్పి లేని వైపుకు తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. ఒక కాలు ఇంకో కాలి మీద వేసుకుని ఛాతీ వైపు లాగే స్ట్రెచ్ చూపిస్తారు చూడండి, పక్క నొప్పికి అది చేస్తుంటే హాయిగా ఉంటుంది, కానీ అదే నలిపే పని. నేను రెండు నెలలు రోజూ పొద్దున, రాత్రి చేశాను. మానేసిన పది రోజులకు నిద్ర మెరుగైంది.

గొంతుకు కూర్చుంటే గజ్జ పట్టేసేవాళ్లకు సక్లముక్లం వేసుకుని కింద కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్, బాగా కిందికి ఉండే సీట్లు ఇబ్బంది పెడతాయి. కొన్ని వారాలు అన్నం కుర్చీలో తినండి, లేసులు కట్టడానికి కాలు మెట్టు మీద పెట్టండి. శాశ్వతంగా మానక్కర్లేదు, మంట తగ్గేదాకానే.

## ఫిజియో దగ్గరికి పోవడం

ఇంట్లో చేసేదే కదా, డబ్బు ఎందుకు అని నేను కూడా అనుకున్నాను. ఫిజియో ఆవిడ దగ్గరికి వెళ్లిన మొదటి రోజు నన్ను మంచం ఎక్కించలేదు. అద్దం ముందు కుడి కాలి మీద నిలబడమంది. "మీ ప్యాంటు పట్టీ చూడండమ్మా" అంది. చూస్తే నడుము పట్టీ ఎడమ వైపు రెండు వేళ్లు కిందికి జారి ఉంది. ఎడమ కాలి మీద నిలబడితే సమంగా ఉంది. కుడి తుంటి పక్క కండరం నా ఒంటిని నిలబెట్టలేక ఎడమ వైపును వదిలేస్తోంది, పరుగులో ప్రతి అడుగుకీ ఇదే జరుగుతోంది. ఐదు నెలల్లో నాకు ఎవరూ చూపించనిది అద్దం ముందు అర నిమిషంలో కనిపించింది. వ్యాయామాలు దాదాపు వీడియోల్లో ఉన్నవే ఇచ్చింది, కానీ ఏది, ఎంత, ఎప్పుడు పెంచాలో చెప్పింది.

వరంగల్, హన్మకొండలో ఫిజియో క్లినిక్‌లకు లోటు లేదు, ఎంచుకోవడమే కష్టం. బీపీటీ లేదా ఎంపీటీ (ఫిజియోథెరపీలో డిగ్రీ, పీజీ) చదివారా అని అడగండి, అడగడం తప్పు కాదు. మొదటి రోజు మిమ్మల్ని నడిపించి, ఒంటికాలి మీద నిలబెట్టి, ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తుతారో అడిగితే మంచి గుర్తు. ఏమీ చూడకుండా పది రోజుల ప్యాకేజీ రాసి "కరెంటు పెట్టించుకోండి" అంటే వేరే చోటు చూసుకోండి. ఆ మెషీన్ల వల్ల కాసేపు ఊరట ఉండొచ్చు, టెండన్ బలపడదు.

డబ్బు తక్కువైతే రోజూ పోవక్కర్లేదు. మొదటిసారి వెళ్లి పరీక్ష చేయించుకుని వ్యాయామాలు నేర్చుకుని, మళ్లీ మూడు వారాలకోసారి వెళ్లినా సరిపోతుంది. నేను మొత్తం నాలుగుసార్లే వెళ్లాను.

## ఎముకల డాక్టరు, స్కాన్

పైన చెప్పిన గుర్తులున్నవాళ్లకు ఇదే మొదటి ఎంపిక. మిగతావాళ్లు ఆరు, ఎనిమిది వారాలు సరిగ్గా వ్యాయామం చేసినా ఏమీ మారకపోతే వెళ్లాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించుకోవాలంటే వరంగల్‌లో ఎంజీఎం ఉంది, పొద్దున్నే వెళ్లాలి, సగం రోజు పోతుందని ముందే అనుకోవాలి. ప్రైవేటులో తొందరగా అవుతుంది. నేను వెళ్లిన ఒక చోట రెండు నిమిషాల్లో ఎక్స్‌రే రాసి, బాగుందని చెప్పి, ఐదు రోజుల మాత్రలిచ్చి పంపారు. నడవమని కూడా అనలేదు. నాది టెండన్ కాబట్టి నష్టం లేదు, అదే హాస్టల్ అమ్మాయి అయ్యుంటే?

అందుకే మనమే నోరు తెరవాలి. "తుంటి నొప్పి" అని ఆపకుండా ఒక కాగితం మీద రాసుకుపోండి: నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, వారానికి ఎన్ని కిలోమీటర్లు, గత రెండు నెలల్లో ఎంత పెంచారు, నెలసరి సంగతి, వాడిన మందులు. గజ్జ నొప్పి అయితే "ఎముక పగులు అనుమానం ఉందా సార్, ఎంఆర్‌ఐ అవసరమా" అని సూటిగా అడగండి. విటమిన్ డి పరీక్ష గురించి కూడా అడగండి, మన దగ్గర లోపం చాలామందిలో ఉంటుంది.

ఎంఆర్‌ఐకి వేలల్లో ఖర్చవుతుంది. పగులు, రక్తం అందకపోవడం లాంటివి పట్టుకోవడంలో దానికి సాటి లేదు, ఆ అనుమానం ఉంటే డబ్బు చూసుకోవద్దు. అనుమానం లేకుండా మనశ్శాంతి కోసం తీయిస్తే మాత్రం తిప్పలు. కీలు చుట్టూ ఉండే మెత్తని అంచులో చీలిక, ఎముక అంచు కొంచెం పెరిగి ఉండటం, ఇవి ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లలో కూడా కనిపిస్తాయి. రిపోర్టులో "చీలిక" అనే మాట చూసి రాత్రంతా టెన్షన్ పడకండి. అది మీ నొప్పికి కారణమా కాదా అనేది మిమ్మల్ని పరీక్షించిన మనిషి చెప్పాలి.

## మాత్రలు, ఇంజెక్షన్, స్ప్రే

రెండు మూడు రోజులు నిద్ర పట్టని నొప్పికి డాక్టరు రాసిన మాత్ర వేసుకోవడంలో తప్పు లేదు. మాత్ర వేసుకుని పరుగెత్తడం తప్పు. నొప్పి అనే కాపలాదారుడిని నిద్రపుచ్చి ఇల్లు వదిలేసినట్టు. మన ఎండల్లో ఇంకో ప్రమాదం ఉంది. ఏప్రిల్, మేలో పొద్దున ఏడుకే చెమటతో ఒళ్లు ఎండిపోతుంది, ఆ స్థితిలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీల మీద పడతాయి, ఖాళీ కడుపుతో అయితే కడుపు మీద కూడా. స్ప్రేలు చర్మానికి చల్లగా తగులుతాయి కానీ అంత లోపల ఉన్న తుంటి కీలు దాకా చేరేది తక్కువ.

పక్క నొప్పికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే ఒక్క పరిశోధన గుర్తుంచుకోండి. 2018లో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది, 204 మందిని మూడు గుంపులు చేశారు. కొందరికి వ్యాయామం, ఏం చేయాలో ఏం చేయకూడదో అన్న వివరణ, కొందరికి ఇంజెక్షన్, మిగతావాళ్లకు వేచి చూడటం. ఎనిమిది వారాలకు బాగుపడ్డామన్నవాళ్లు వ్యాయామం గుంపులో 77 శాతం, ఇంజెక్షన్ గుంపులో 58, వేచి చూసిన గుంపులో 29. ఏడాదికి చూసినా వ్యాయామం గుంపే ముందుంది. వాళ్లంతా 35 నుంచి 70 ఏళ్లవాళ్లు, మనకు అంకెకు అంకె అతకదు. కానీ ఇరవై ఐదేళ్లకు ఇంజెక్షన్‌తో మొదలుపెట్టడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించదు.

## మసాజ్, కాపడం, కట్టు

నువ్వుల నూనె పట్టించి వేడినీళ్ల కాపడం పెడితే కండరం సడలి హాయిగా ఉంటుంది, అమ్మ చేత్తో అయితే ఇంకా. పెట్టుకోండి. నొప్పి ఉన్న ఎముక మీదే గట్టిగా నొక్కించుకోవద్దు, చుట్టూ చేయించుకోండి. కాలు లాగి, మెలితిప్పి "జాగ తప్పింది, ఎక్కిస్తా" అనేవాళ్ల దగ్గరికి మాత్రం గజ్జ నొప్పితో పోనే పోవద్దు. లోపల పగులు ఉంటే ఆ లాగుడుకు ఏమవుతుందో వేరే చెప్పాలా?

## బూట్లు, నేల, అడుగులు

బూట్లు అరిగిపోతే మార్చండి, ఐదారు వందల కిలోమీటర్లు దాటాక బూటు అడుగుభాగం ఒకసారి తిప్పి చూడండి. కానీ నొప్పికి మొదటి ఖర్చు బూట్లు కాకూడదు. ఆ డబ్బుతో ఫిజియోను రెండు మూడుసార్లు కలవొచ్చు.

నేల మార్చడం ఉచితం. భద్రకాళి బండ్ మీద పరిచిన గట్టి నేల కంటే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ మట్టి కొందరికి మెత్తగా అనిపిస్తుంది. రోడ్డు అంచున పరుగెత్తితే నేల ఒక పక్కకు వాలుగా ఉంటుంది, రోజూ అదే వైపు పరుగెత్తితే రోజూ అదే తుంటి మీద భారం పడుతుంది. స్టేడియం ట్రాక్ మీద ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరుగుతాం, వంపుల్లో రెండు కాళ్లకూ పని సమంగా ఉండదు. నొప్పి ఉన్న రోజుల్లో తిన్నని దారి చూసుకోండి.

అడుగులు చిన్నవి చేయడం నాకు బాగా పనికొచ్చింది. అర నిమిషంలో కుడి కాలు ఎన్నిసార్లు నేలకు తగిలిందో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే నిమిషానికి మీ అడుగులు. అదే స్పీడులో ఆ లెక్కను ఐదు నుంచి పది శాతం పెంచితే తుంటి మీద పడే భారం తగ్గుతుంది. నావి 158 ఉండేవి, 168కి తెచ్చాను. మొదటి వారం పిక్కలు పట్టేశాయి, తర్వాత అలవాటైంది.

## ఎవరికి ఏది

ఈవెంట్స్‌కు నెల, రెండు నెలలు ఉన్న కానిస్టేబుల్ అభ్యర్థులదే అన్నిటికంటే కష్టమైన ఎంపిక, ఎందుకంటే ఆ తేదీ పోతే మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో. పక్క నొప్పి, పిరుదు నొప్పి అయితే పరుగు మానకండి, రోజుకు రెండు పూటలు మాత్రం మానండి. వారానికి ఒకే ఒక్క రోజు స్పీడు, రెండు రోజులు నెమ్మది పరుగు, మిగతా రోజుల్లో సైకిల్ లేదా ఈత, మూడు రోజులు వ్యాయామం. దమ్ము పోదు, తుంటికి ఊపిరి దొరుకుతుంది. గజ్జ నొప్పి అయితే ముందు డాక్టరు, అవసరమైతే ఎంఆర్‌ఐ, ఆ తర్వాతే ఏ ప్లానైనా. ఒక నోటిఫికేషన్ పోయినా వయసుంటే ఇంకోటి వస్తుంది, విరిగిన తుంటితో ఏ నోటిఫికేషన్‌కూ పోలేరు. తేలిగ్గా రాసిన మాట కాదు ఇది, హాస్టల్ గదిలో చంక కర్రలు గోడకు ఆనించి ఏడ్చిన మనిషి పక్కన కూర్చున్నాను.

రోజంతా కుర్చీలో కూర్చుని పని చేసి, ఆదివారం మాత్రం పది కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లు ఆ పదిని మూడు రోజులకు పంచండి. సగం నొప్పి అక్కడే పోవచ్చు. అరగంటకోసారి లేవండి.

స్టూడెంట్లు, చేతిలో డబ్బు లేనివాళ్లు ఇంటి వ్యాయామం ఆరు వారాలు నిజాయితీగా చేసి, ఒక్కసారైనా ఫిజియోకు చూపించుకోండి. హాస్టల్ తిండి తక్కువైతే గుడ్లు, పల్లీలు, పాలు ఏదో ఒకటి కలుపుకోండి, ఎముక గాలి తిని అతుక్కోదు.

మారథాన్‌కు పేరు ఇచ్చినవాళ్లు నొప్పి మూడు మార్కుల లోపు లేకపోతే తక్కువ దూరానికి మారండి లేదా ఈసారి వదిలేయండి. ఫీజు పోతుంది, అంతే.

## మళ్లీ మొదలుపెట్టడం

ఏ దారిలో వచ్చినా తిరిగి మొదలుపెట్టే చోట తొందర పడేవాళ్లే ఎక్కువ. అరగంట వేగంగా నడిస్తే నొప్పి లేకుండా ఉండాలి, ఒంటికాలి మీద మెట్టు పదిసార్లు దిగగలగాలి. అప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిది సార్లు, రోజు విడిచి రోజు. రెండు సార్లు ఇబ్బంది లేకుండా అయితే పరుగు అర నిమిషం పెంచండి. నొప్పి తిరిగి వస్తే మొదటికి రావక్కర్లేదు, ఒక మెట్టు వెనక్కి చాలు. పగులు నుంచి లేచినవాళ్లు ఇది మొదలుపెట్టే రోజు కూడా డాక్టరే చెప్పాలి.

నేను ఫిజియో దగ్గరికి వెళ్లిన పద్నాలుగో వారంలో వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఆగకుండా ఐదు కిలోమీటర్లు పరుగెత్తాను. నొప్పి ఒకటికి మించలేదు, మర్నాడు పొద్దునకు సున్నా. హాస్టల్ అమ్మాయికి ఇంకా సమయం పట్టింది, డాక్టరు ఒప్పుకున్నాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతోనే మొదలుపెట్టింది, రాత్రి అన్నం కూడా. పరుగు మొదలుపెట్టడానికి రెండు నెలల ముందే నెలసరి తిరిగి వచ్చింది. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం ఇద్దరం హాస్టల్ మెట్ల దగ్గరే మెట్టు దిగే వ్యాయామం చేస్తాం, మూడు అంకెలు లెక్కపెడుతూ.